ఊపిరి పుట్టే చోటు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన విజ్ఞాన సదస్సులో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదు సంవత్సరాలుగా ఒడిశా గడ్డపై తెలుగు అక్షరానికి నీడనిచ్చిన ఈ పాఠశాల చరిత్రను పెద్దలు నిన్నటి సభలో సవివరంగా చెప్పారు. ఈ రోజు విజ్ఞాన సదస్సులో ఒక శాస్త్రవేత్త జీవితకృషిని గురించి మాట్లాడవలసిందిగా ఉత్సవ సంఘం వారు నన్ను ఆదేశించారు. ఇట్టి సందర్భాలలో మనం సాధారణంగా చంద్రశేఖర వేంకట రామన్ గారిని, జగదీశ్ చంద్ర బోసు గారిని, మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని స్మరించుకుంటాం. ఆ మహనీయులను గురించి మీరు అనేక పర్యాయాలు విని ఉన్నారు. నేను మాత్రం ఈనాడు మన పాఠ్యపుస్తకాలలో కనిపించని ఒక శాస్త్రవేత్తను మీకు పరిచయం చేయదలచుకున్నాను. దీనికి కారణం ఉన్నది. నాకు ఒక పాత బాకీ ఉన్నది. అది నేను ఒక విద్యార్థినికి పడిన బాకీ.

చాలా సంవత్సరాల క్రితం సంగతి. నేను అప్పుడు ఎనిమిదవ తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను. ఆ రోజు పాఠం శ్వాసక్రియ. నల్లబల్ల మీద వాయునాళం, ఊపిరితిత్తులు, ఉదరవితానం బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి, అలవాటు ప్రకారం “సందేహాలుంటే అడగండి” అన్నాను. సందేహాలు ఉండవన్న ధైర్యంతోనే ఉపాధ్యాయులం చాలాసార్లు ఆ మాట అంటూ ఉంటాం. చివరి వరుసలో నుండి ఒక అమ్మాయి లేచి, “టీచర్, మనం నిద్రపోయినప్పుడు మన బదులు ఊపిరి ఎవరు తీస్తారు?” అని అడిగింది. తరగతి అంతా గొల్లుమన్నది. నేను నవ్వలేదు గాని, గంట కొట్టడానికి రెండు నిమిషాలే మిగిలి ఉన్నది. “మెదడులో మజ్జాముఖం అనే భాగం ఉన్నది. అది తీయిస్తుంది. రాసుకో, పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా వస్తుంది” అన్నాను. “అది ఎలా తీయిస్తుంది టీచర్?” అన్నది ఆ అమ్మాయి. “అదంతా పై తరగతులలో చెబుతారు, కూర్చో” అన్నాను. ఆమె మారుమాట లేకుండా కూర్చున్నది.

కొన్ని వారాల తర్వాత ఆ పిల్ల వరుసగా బడికి రాకపోతే విచారించాను. ఇంట్లో నాయనమ్మ చనిపోయింది. రాత్రివేళ ఆ ముసలమ్మ పక్కన పడుకునేది ఈ పిల్లే. నిద్రలో ఆమెకు ఊపిరి కొంతసేపు ఆగిపోయి, మళ్ళీ బరువుగా అందుకునేదట. ఆగిన ప్రతిసారీ ఈ పిల్ల మేలుకొని అంకెలు లెక్కపెడుతూ, ఊపిరి మళ్ళీ అందుకున్న తర్వాత గాని పడుకునేది కాదట. ఒకనాటి తెల్లవారుజామున ఆ ఊపిరి మళ్ళీ అందుకోలేదు. తరగతిలో వినబడిన ప్రశ్న ఎక్కడ పుట్టిందో నాకు అప్పుడు అర్థమయింది. ఆ పిల్ల నన్ను అడిగినది మార్కుల కోసం కాదు. నేను ఆమెకు ఇచ్చినది సమాధానమూ కాదు, ఒక పేరు మాత్రమే.

ఆ పేరు వెనుక ఏమున్నదో తెలుసుకోవాలని తర్వాత కాలంలో దొరికిన పుస్తకాలూ పత్రికలూ చదువుతూ వచ్చాను. ఆ చదువులో నాకు పరిచయమైన వ్యక్తి అమెరికా దేశీయుడైన డాక్టర్ జాక్ ఫెల్డ్‌మన్. నేను పిల్ల నోరు మూయించిన ఆ రెండవ ప్రశ్ననే, “అది ఎలా తీయిస్తుంది?” అన్న దానినే, ఆయన తన జీవిత వ్యాసంగంగా స్వీకరించారు.

ముందుగా ప్రశ్న ఎంత కఠినమైనదో గ్రహిద్దాం. నిమిషానికి 15 సార్లు ఊపిరి తీస్తామనుకుంటే, గంటకు 900, రోజుకు 21,600. మన యోగ సంప్రదాయంలో కూడా అహోరాత్రానికి 21,600 శ్వాసలనే లెక్క చెప్పడం మీలో పెద్దవారికి తెలిసిన విషయమే. ఈ ఇరవై వేల పైచిలుకు శ్వాసలలో మనం తెలిసి తీసేవి ఎన్ని? బహు స్వల్పం. పుట్టిన క్షణం నుండి కడపటి క్షణం వరకు సెలవు లేకుండా సాగవలసిన పని ఇది.

గుండె కూడా సెలవు లేకుండా పని చేస్తుంది గదా అని మీరు అనవచ్చు. అయితే గుండెకూ ఊపిరితిత్తులకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. గుండె కొట్టుకునే లయ గుండెలోనే పుడుతుంది. నాడులన్నిటినీ తెంచివేసినా అది తన పాటికి తాను కొట్టుకోగలదు. ఊపిరితిత్తులకు అట్టి స్వాతంత్ర్యం లేదు. అవి తమంతట తాము విచ్చుకోలేవు, ముడుచుకోలేవు. ఉదరవితానం కిందికి దిగితే, పక్కటెముకల మధ్య కండరాలు రొమ్మును పైకెత్తితే, అప్పుడు గాలి లోపలికి వస్తుంది. ఆ కండరాలకు ప్రతి శ్వాసకూ మెదడు నుండి ఆజ్ఞ రావాలి. ఆజ్ఞ ఆగితే ఊపిరి ఆగుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఈ పని మన ప్రమేయం లేకుండా జరుగుతుంది, కాని మనం కోరితే మన మాటా వింటుంది. పాడేవారు ఊపిరిని కొలత ప్రకారం వాడుకుంటారు. ఈతగాడు నీటిలో ఊపిరి బిగబడతాడు. కాని ఎంత పట్టుదల గలవాడైనా ప్రాణం పోయేదాకా ఊపిరి బిగబట్టలేడు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ లోపలి ఆజ్ఞ బలపడి, మన ఇష్టాన్ని తోసిపుచ్చుతుంది. ఆ ఆజ్ఞ ఇచ్చేది ఎవరు? ఎక్కడ ఉండి ఇస్తున్నారు?

ఈ అన్వేషణ చాలా పాతది. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు పెర్గమం నగరంలో గ్లాడియేటర్ల గాయాలకు చికిత్స చేసేవాడు. వెన్నుపాము ఏ ఎత్తులో తెగితే ఊపిరి ఆగుతుందో, ఏ ఎత్తులో తెగితే సాగుతుందో ఆయన జంతువులపై పరీక్షించి గమనించాడు. ఆజ్ఞ మెడకు పైనుండి దిగుతున్నదని దానివల్ల తేలింది. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు ఫ్రాన్సు దేశంలో లెగాల్వా అనే వైద్యుడు కుందేలు మెదడును ముందు నుండి వెనుకకు కొద్దికొద్దిగా తొలగిస్తూ పోయాడు. పెద్ద మెదడు పోయినా, అనుమస్తిష్కం పోయినా ఊపిరి సాగింది. మజ్జాముఖంలో ఒక చిన్న భాగాన్ని తాకేసరికి ఆగిపోయింది. 1812లో ఆయన ప్రచురించిన గ్రంథంలో ఈ విషయం ఉన్నది. నేను ఆ పిల్లకు చెప్పిన ‘మజ్జాముఖం’ అన్న సమాధానం రెండు వందల సంవత్సరాల నాటి సమాధానమన్న మాట!

అంతమాత్రాన అది తప్పు కాదు. అయితే అది చిరునామాలో ఊరి పేరు వంటిది. ఊరి పేరుతోనే ఉత్తరం చేరదు, వీధి కావాలి, ఇంటి నంబరు కావాలి. అన్నిటికంటే మించి, ఆ ఇంటిలో ఉన్నవారు ఏమి చేస్తున్నారో తెలియాలి.

ఫెల్డ్‌మన్ గారు వైద్యవిద్య చదివినవారు కారు. ఆయన చదివినది భౌతికశాస్త్రం. షికాగో విశ్వవిద్యాలయంలో 1973లో ఆ శాస్త్రంలోనే డాక్టరేటు పట్టం పొందారు. తరువాత మెదడు వైపు దృష్టి మళ్ళించి, ఊపిరిని ఎంచుకున్నారు. మెదడు చేసే పనులలో జ్ఞాపకం, ఆలోచన, భాష వంటివి ఎంతో ఆకర్షణీయమైనవి. కాని వాటిని కొలవడం కష్టం. ఊపిరి అలా కాదు. అది ఒక లయ. ఎంత వేగంగా వస్తున్నదో, ఎంత లోతుగా వస్తున్నదో కొలిచి గీత గీయవచ్చు. పైపెచ్చు అది ఆగితే ప్రాణి బ్రతకదు. లోలకం ఊగడాన్ని గురించి చదువుకున్న భౌతికశాస్త్ర విద్యార్థికి ఉచ్ఛ్వాస నిశ్వాసాల లయ తగిన సమస్యగా కనిపించడంలో వింత లేదు.

ఆ రోజులలో మజ్జాముఖంలో ఊపిరితో పాటు స్పందించే నాడీకణాలు అనేకం ఉన్నాయని తెలుసు. కాని వాటిలో లయను పుట్టించేవి ఏవి, ఆ లయను మోసుకుపోయేవి ఏవి అన్నది తెలియదు. ఒక ఊరేగింపులో వందమంది తాళం వేస్తున్నప్పుడు మొదటి తాళం ఎవరిదో దూరం నుండి చూచి చెప్పగలమా? ఇదీ అటువంటిదే. ఉచ్ఛ్వాస కణాలూ నిశ్వాస కణాలూ ఊగుడు బల్ల మీద ఇద్దరు పిల్లల వలె ఒకరినొకరు అణచుకుంటూ ఉండటం వల్లనే లయ పుడుతున్నదని చాలామంది భావించేవారు.

1984లో జపాను దేశీయుడైన సుజుయే అనే శాస్త్రవేత్త ఒక కొత్త మార్గం చూపారు. అప్పుడే పుట్టిన ఎలుక పిల్ల మెదడు కాండాన్నీ వెన్నుపామునూ వేరుచేసి, ప్రాణవాయువు కలిపిన లవణ ద్రవంలో ఉంచితే, శరీరమంటూ లేకపోయినా ఆ నాడుల నుండి ఊపిరి లయ గంటల తరబడి వెలువడుతూనే ఉంటుందని ఆయన చూపించారు. ఊపిరితిత్తులు లేవు, గాలి లేదు, ఆజ్ఞ మాత్రం వస్తూనే ఉన్నది. ఫెల్డ్‌మన్ గారూ, ఆయన సహచరుడు జెఫ్రీ స్మిత్ గారూ ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నారు. ఒక కణం మరొక కణాన్ని అణచే ప్రక్రియను మందులతో ఆపివేసి చూచారు. ఊగుడు బల్ల సిద్ధాంతం ప్రకారం లయ ఆగిపోవాలి. కాని ఆగలేదు.

అప్పుడు వారు చేసిన ప్రయోగం నేను తరగతిలో పదే పదే చెప్పదగినంత సరళమైనది. ఆ మెదడు కాండాన్ని పైనుండి అతి పలుచని పొరలుగా, మిల్లీమీటరులో పదోవంతు కూడా లేని మందంలో, ఒక్కొక్కటే తొలగిస్తూ పోయారు. ఒక్కొక్క పొర తీసిన తర్వాత లయ వస్తున్నదా లేదా అని చూచారు. వస్తున్నది. మరొకటి తీశారు. ఇంకా వస్తున్నది. చివరకు ఒకచోట ఒకటి రెండు పొరలు తీయగానే లయ తడబడి ఆగిపోయింది. ఆ చోటును గుర్తుపెట్టుకున్నారు. ఈసారి దానిని పోగొట్టకుండా, దాని చుట్టూ సుమారు అర మిల్లీమీటరు మందంలో ఒకే ఒక ముక్కను తీసి ద్రవంలో ఉంచారు. ఆ చిన్న ముక్కలో నుండి, నాలుకను కదిలించే నాడి ద్వారా, ఊపిరి లయ వినవచ్చింది. 1991లో ‘సైన్స్’ పత్రికలో స్మిత్, ఎలెన్‌బెర్గర్, బలాని, రిక్టర్, ఫెల్డ్‌మన్ అనే అయిదుగురి పేర్లతో ఈ ఫలితం వెలువడింది. ఈ విజ్ఞానం వెనుక ఎన్నో చిన్న ప్రాణుల త్యాగం ఉన్నదన్న సంగతిని కృతజ్ఞతతో తలచుకోవడం మన ధర్మం.

ఆ చోటికి వారు పెట్టిన పేరు ‘ప్రీ-బొట్జింగర్ కాంప్లెక్స్’. ఈ పేరు విని ఇది ఎవరో మహా శాస్త్రవేత్త పేరని మీరు అనుకోవచ్చు. కాదు. జర్మనీలో ఒక శాస్త్ర సమావేశం ముగిసిన తర్వాత జరిగిన విందులో, దీని పొరుగున ఉన్న మరొక భాగానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు, ఫెల్డ్‌మన్ గారు బల్ల మీదనున్న ద్రాక్షాసవం సీసాను చూచి, దానిపై ఉన్న పేరునే సూచించారు. పెద్దలు మన్నించాలి, ఇది నేను కల్పించినది కాదు! బొట్జింగెన్ అన్నది జర్మనీకి నైరుతి దిక్కున ద్రాక్షతోటలున్న ఒక గ్రామం. ఆ సీసా పేరు మొదట పొరుగు భాగానికి వచ్చింది, దానిని ఆనుకొని ఉన్నందున ఊపిరి పుట్టే చోటికి కూడా సంక్రమించింది.

నాకు ఈ వృత్తాంతం చాలా ఇష్టం. పేరుకు ఎంత విలువ ఇవ్వాలో ఆ శాస్త్రవేత్తకు తెలుసు. పేరు ఏదైనా ఫరవాలేదు, అది గుర్తు కోసం. పేరు పెట్టడంతో ఆయన పని ముగియలేదు, అసలు పని అప్పుడే మొదలయింది. నేనేమో ఆనాడు పేరు చెప్పి పాఠం ముగించాను.

ద్రవంలో ఉంచిన ముక్కలో లయ పుట్టినంత మాత్రాన, తిరుగాడే ప్రాణిలో కూడా అదే చోటు ఊపిరిని నడుపుతున్నదని ఎలా నమ్మడం? ఈ ప్రశ్న వారే వేసుకున్నారు. 2001లో ఫెల్డ్‌మన్ బృందం ఎలుకలలో ఆ చోటనున్న ఒక తరహా నాడీకణాలను మాత్రమే ఏరి నశింపజేసే పద్ధతిని ప్రయోగించింది. వాటిలో అత్యధిక భాగం నశించిన తర్వాత ఆ ఎలుకల ఊపిరి క్రమం తప్పి, అస్తవ్యస్తమైపోయింది. ఆ తరువాత 2011లో జర్మనీ శాస్త్రజ్ఞులు మానవుల మెదడులో కూడా ఈ ప్రాంతాన్ని గుర్తించారు. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని అంచనా. అందులో కొన్ని వేల కణాల చిన్న గుంపుపై మన ప్రతి ఊపిరి ఆధారపడి ఉన్నది.

2005లో వెలువడిన మరొక ఫలితం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు కూర్చుండిపోయాను. ఆ కణాలు క్రమక్రమంగా నశిస్తున్న ఎలుకలలో ఊపిరి మొట్టమొదట తడబడినది మెలకువలో కాదు, నిద్రలో. పగలు మామూలుగానే ఊపిరి తీసేవి, నిద్రలో, ముఖ్యంగా కలలు వచ్చే దశలో, ఊపిరి ఆగి ఆగి వచ్చేది. కణాలు మరింత నశించిన తర్వాతనే మెలకువలో కూడా ఇబ్బంది కనిపించింది. వయోవృద్ధులలోనూ, నాడీకణాలు క్షీణించే వ్యాధులు గలవారిలోనూ నిద్రలో ఊపిరి ఆగడానికి ఇటువంటి కారణం ఉండవచ్చునని ఫెల్డ్‌మన్ గారు, ఆయన సహచరులు సూచించారు. నా విద్యార్థిని నాయనమ్మ విషయంలో కారణం ఇదేనని నేను చెప్పలేను. ఆయాసానికి కారణాలు అనేకం. కాని మెలకువలో కాపలా కాసే బలాలు నిద్రలో కొన్ని సడలిపోతాయనీ, అప్పుడు ఈ చిన్న గుంపు భారం మరింత పెరుగుతుందనీ అర్థమయింది. పదమూడేళ్ళ పిల్ల చీకటిలో అంకెలు లెక్కపెడుతూ గమనించినది, ప్రయోగశాలలో కూడా గమనింపదగిన విషయమే.

ఇక ఫెల్డ్‌మన్ గారి జీవితంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించిన ఘట్టం చెబుతాను. ఈ చోటులో లయ ఎలా పుడుతున్నది? మొదట ఆయన, ఆయన సహచరులు ఒక ఊహ చేశారు. గుండెలో వలెనే ఇక్కడ కూడా తమంతట తాము లయబద్ధంగా స్పందించే కణాలు కొన్ని ఉన్నాయి, అవి తాళం వేస్తే తక్కినవి అనుసరిస్తాయి అని. ఎంతో అందమైన ఊహ. అట్టి కణాలు కొన్ని కనిపించాయి కూడా. మరొకరైతే ఆ ఊహను పట్టుకొని జీవితాంతం వాదించేవారు. ఆయన దానిని పరీక్షకు పెట్టారు. 2002లోనూ ఆ తర్వాతా డెల్ నీగ్రో మొదలైన సహచరులతో కలిసి, ఆ కణాల స్వయంస్పందనను మందులతో అణచివేసి చూచారు. లయ ఆగిపోలేదు. తన ఊహ చాలదని ఆయన అంగీకరించారు. లయ ఏ ఒక్క కణం సొత్తూ కాదనీ, కణాలన్నీ ఒకదానినొకటి ప్రేరేపించుకోవడంలో నుండి అది ఉమ్మడిగా పుడుతున్నదనీ కొత్త ఆలోచనకు దారితీశారు. ఈ వివాదం శాస్త్రవేత్తల మధ్య తీరిపోయినది కాదు. ఆయన పూర్వ సహచరులలోనే భిన్నాభిప్రాయం గలవారు ఉన్నారు. ఊపిరి పుట్టే చోటు తెలిసింది. పుట్టే తీరు ఇంకా పూర్తిగా తెలియదు.

పిల్లలారా, తాను పెంచిన సిద్ధాంతాన్ని తానే పరీక్షించి, అది నిలవకపోతే పక్కన పెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. లెక్కలో తప్పు దిద్దినప్పుడే మనకు మొహం చిన్నబోతుంది. అది పదేళ్ళ కృషి!

2016లో మరొక చక్కని విషయం బయటపడింది. మనం దుఃఖంలోనూ అలసటలోనూ నిట్టూరుస్తామని అందరికీ తెలుసు. కాని ఏ దుఃఖమూ లేకపోయినా మనిషి సుమారు అయిదు నిమిషాలకొకసారి, అంటే గంటకు పన్నెండు సార్లు, తనకు తెలియకుండానే నిట్టూరుస్తాడు. మన ఊపిరితిత్తులలో దాదాపు యాభై కోట్ల వాయుగోణులు ఉన్నాయి. వాటిలో కొన్ని అప్పుడప్పుడు ముడుచుకుపోతాయి. మామూలు శ్వాసకు రెట్టింపు గాలి లోపలికి తీసుకుంటే గాని అవి విచ్చుకోవు. ఆ రెట్టింపు శ్వాసయే నిట్టూర్పు. ఫెల్డ్‌మన్ బృందమూ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ క్రాస్నో బృందమూ కలిసి ఎలుకల మీద పరిశోధించి, నిట్టూర్పును పుట్టించే రెండు చిన్న ప్రోటీను అణువులను, వాటిని పంపే సుమారు 200 కణాలను, అందుకునే మరో 200 కణాలను గుర్తించారు. అందుకునే కణాలు మన ప్రీ-బొట్జింగర్ గుంపులోనివే. వాటిని నశింపజేస్తే మామూలు ఊపిరి సాగుతుంది, నిట్టూర్పు మాత్రం పోతుంది. మన కవులు విరహానికీ వేదనకూ గుర్తుగా వర్ణించిన నిట్టూర్పు, ఊపిరితిత్తులకు ఒక మరమ్మతు కూడా అని తెలిసింది.

ఆ మరుసటి సంవత్సరం, 2017లో, అదే గుంపులో సుమారు 175 కణాలు మెదడులో అప్రమత్తతను కలిగించే భాగానికి వార్తలు పంపుతున్నాయని తేలింది. వాటిని తొలగించిన ఎలుకలు అసాధారణమైన శాంతంతో కనిపించాయి. అంటే మెదడు ఊపిరిని నడపడమే కాదు, ఊపిరి కూడా మెదడు స్థితిని మారుస్తున్నది. ప్రాణాయామం చేస్తే మనస్సు నెమ్మదిస్తుందని మన పెద్దలు అనుభవంతో చెప్పారు. ఎలుకలలో కనిపించినది మనుషులకు యథాతథంగా వర్తిస్తుందని తొందరపడి చెప్పరాదు. కాని ఆ అనుభవానికి కారణం వెతకడానికి ఇది ఒక దారి చూపింది.

ఈ పరిశోధన వల్ల ప్రయోజనమేమని అడిగేవారు ఉంటారు. నల్లమందు జాతికి చెందిన మత్తుమందులు మోతాదు మించినప్పుడు ప్రాణం తీసేది ముఖ్యంగా ఊపిరిని ఆపివేయడం ద్వారానే. ఆ మందులు పని చేసే చోట్లలో ఈ గుంపు ఒకటి. వాటి చేత ఇక్కడి లయ మందగిస్తుందని ఈ బృందమే 1999లో చూపింది. నొప్పిని తగ్గిస్తూ ఊపిరిని ఆపని మందును తయారు చేయాలంటే ముందు ఈ చోటును తెలుసుకోవాలి. నెలలు నిండకముందే పుట్టిన శిశువులు ఊపిరి మరచిపోయినట్లు ఆగడం, పెద్దలకు నిద్రలో ఊపిరి ఆగడం, వీటి చికిత్సకు కూడా ఈ జ్ఞానమే పునాది.

ఈ కృషి అంతా ఎక్కడో విదేశాలలోనే జరిగిందని మీరు నిరుత్సాహపడవద్దు. మెదడు ఆజ్ఞ ఇవ్వడమే కాదు, శరీరం నుండి వార్తలు కూడా అందుకోవాలి గదా! రక్తంలో ప్రాణవాయువు తగ్గితే ఆ వార్త మెడలోని ధమనుల దగ్గర నుండి వెళుతుందని బెల్జియం శాస్త్రవేత్త హేమాన్స్ కనుగొని 1938వ సంవత్సరపు నోబెల్ బహుమతి పొందారు. ఊపిరితిత్తులలో సన్నని రక్తనాళాల పక్కన ఉండి, అక్కడ నీరు చేరితే మెదడుకు వార్త పంపే నాడీ అగ్రాలను కనుగొన్నవారు మన భారతీయుడే. ఆయన పేరు అవతార్ సింగ్ పెయింటల్. 1925లో బర్మాలో పుట్టి, లక్నోలో వైద్యం చదివి, ఎడిన్‌బరోలో పరిశోధన చేసి, స్వదేశానికి తిరిగివచ్చి, ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చిరకాలం సంచాలకులుగా పని చేశారు. 1981లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం పొందారు. శాస్త్ర పరిశోధనలో నిజాయితీని కాపాడటం కోసం ఒక సంఘాన్ని స్థాపించి, దానికి తొలి అధ్యక్షులుగా ఉన్నారు. 2004లో కీర్తిశేషులయ్యారు. ప్రశ్నకు దేశం లేదు, ఓపిక ఉన్న ప్రతివారికీ అది లొంగుతుంది.

చివరగా నా బాకీ సంగతి. ఆ విద్యార్థిని ఈనాడు ఈ సభలో లేదు. ఉండి, మళ్ళీ అదే ప్రశ్న అడిగితే నేను ఇలా చెబుతాను: “అమ్మా, నువ్వు నిద్రపోయినప్పుడు నీ మెదడు అడుగున కొన్ని వేల కణాలు మేలుకొని ఉంటాయి. వాటిలో నాయకుడంటూ లేడు. ఒకటి కదిలి మరొకదానిని కదిలిస్తుంది, అది ఇంకొకదానిని కదిలిస్తుంది, అందరూ కలిసిన క్షణంలో ఒక ఊపిరి పుడుతుంది. తర్వాత అలసి ఆగుతాయి, మళ్ళీ మొదలుపెడతాయి. ఇది ఇప్పటికి తెలిసిన సంగతి. వీటికి అలసట తీర్చేదేమిటో, మళ్ళీ మొదలుపెట్టించేదేమిటో ఇంకా పూర్తిగా తెలియదు. నాకే కాదు, లోకంలో ఎవరికీ తెలియదు. నీ నాయనమ్మ పక్కన నువ్వు లెక్కపెట్టినవి వృథా అంకెలు కావు.” ఇంత చెప్పడానికి నాకు రెండు నిమిషాలు చాలు. ఆనాడు కూడా రెండు నిమిషాలు ఉన్నాయి. లేనిదల్లా ‘తెలియదు’ అనే ధైర్యం.

సహోపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. పిల్ల అడిగిన మొదటి ప్రశ్నకు పుస్తకంలో సమాధానం ఉంటుంది. రెండవ ప్రశ్నకు చాలాసార్లు ఉండదు. ఆ రెండవ ప్రశ్న దగ్గర “కూర్చో” అనకండి. పై తరగతికి వాయిదా వేసిన ప్రశ్న చాలాసార్లు పై తరగతికి చేరనే చేరదు. విద్యార్థులకు నా మాట. మాతృభాషలో చదువుతున్నామని కొందరు మిమ్మల్ని చిన్నచూపు చూడవచ్చు. కాని ఆ పిల్ల అడిగిన ప్రశ్న తెలుగులోనే పుట్టింది. అది ప్రపంచంలోని ఏ ప్రయోగశాలలోనైనా తలెత్తుకొని నిలబడగల ప్రశ్న. పేర్లు రాసుకోండి, పరీక్షకు అవి కావాలి. పేరు రాసిన తర్వాత మాత్రం “అక్కడ ఏమి జరుగుతున్నది?” అని అడగడం మానకండి.

ఈ ప్లాటినం జూబిలీ జ్ఞాపకార్థం మన గ్రంథాలయంలో ఒక ప్రశ్నల పుస్తకం ఉంచుతున్నాం. ఉపాధ్యాయులు సమాధానం చెప్పలేకపోయిన ప్రతి ప్రశ్నా, అడిగిన విద్యార్థి తరగతితో, తేదీతో, అందులో రాయాలి. సమాధానం దొరికిన నాడు దాని కింద రాయాలి. మొదటి పుటలో మొదటి ప్రశ్నను నేను నా చేతితో రాశాను. అది ఎనిమిదవ తరగతి ప్రశ్న. దాని కింద సగం పుట నింపి, తక్కిన సగం ఖాళీగా వదిలాను. ఆ సగం నింపేవారు మీలో ఎవరైనా కావచ్చు.